తాతయ్య ముఖంలో 900 చుక్కలు: అచ్చు నుంచి పిక్సెల్ దాకా బొమ్మ కథ

ఈ ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన ఒక చిన్న గొడవతో మొదలైంది. కాబట్టి ముందు అదే చెప్తాను.

మా తాతయ్య బడిపంతులు. నేను పుట్టకముందే పోయారు. ఆయన ఫోటో ఇంట్లో ఒక్కటే ఉంది, అదీ అసలు ఫోటో కాదు. ఆయన పనిచేసిన స్కూల్ రజతోత్సవానికి వేసిన సావనీర్‌లో స్టాఫ్ గ్రూప్ ఫోటో ఉంది. వెనక వరసలో ఎడమ నుంచి మూడో మనిషి ఆయన. ముఖం వేలి గోరంత ఉంటుంది, అంతే. ఈ మధ్య మా బాబాయి ఆ స్కూల్‌కి తాతయ్య పేరు మీద ఒక గది కట్టించాడు. ప్రారంభానికి ఫ్లెక్సీ వెయ్యాలి, ఫ్లెక్సీకి ఫోటో కావాలి. "నువ్వు కంప్యూటర్లు చదివావు కదరా, దీన్ని కొంచెం క్లియర్ చెయ్యి" అని ఆ పేజీని ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపాడు.

నేను బద్ధకం కొద్దీ దాన్ని ఒక ఏఐ ఎన్‌హాన్సర్ యాప్‌లో పడేశాను. అర నిమిషంలో ముఖం వచ్చేసింది. నున్నటి బుగ్గలు, చక్కటి పలువరస, గళ్ల చొక్కా. ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే అందరూ దండాలు, గుండెలు, పువ్వులు. బాబాయి అప్పటికప్పుడు ఫ్లెక్సీ షాపుకి ఫార్వర్డ్ కూడా చేసేశాడు. సాయంత్రం నానమ్మకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. చూసి, "ఎవర్రా ఈ అబ్బాయి?" అంది.

తాతయ్యకి చిన్నప్పుడు అమ్మవారు పోసిందట. బుగ్గల నిండా మచ్చలుండేవట. ఇక ఆ చొక్కా గురించి అడిగితే, "ఆయన జన్మలో గళ్ల చొక్కా తొడుక్కోలేదు, తెల్ల లాల్చీయే" అంది.

అంటే యాప్ అబద్ధం చెప్పిందా? లేక నేనే దాన్ని అడగకూడని ప్రశ్న అడిగానా? అసలు ఆ కాగితం మీద తాతయ్య ఎంత ఉన్నారు? ఇది తెలుసుకుందామని మొదలుపెడితే నూట యాభై ఏళ్ల వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

ముందు ఒక పని చెయ్యండి. ఇంట్లో పాత న్యూస్‌పేపర్ ఏదైనా తీసి, అందులో ఫోటోని భూతద్దంతో చూడండి. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చెయ్యండి. ముఖం మాయమవుతుంది, చుక్కలు మిగుల్తాయి. నల్లగా ఉన్న చోట లావు చుక్కలు, తెల్లగా ఉన్న చోట సన్న చుక్కలు. బూడిద రంగు ఎక్కడా ఉండదు. ఎందుకంటే అచ్చు యంత్రానికి తెలిసినవి రెండే సంగతులు: ఇక్కడ సిరా ఉంది, ఇక్కడ సిరా లేదు. మనం కోడింగ్‌లో అనుకునే సున్నా, ఒకటి లాంటిదే. ఫోటోలో నలుపుకీ తెలుపుకీ మధ్య వందల ఛాయలుంటాయి. వాటిని రెండు సంగతులతో ఎలా చెప్పాలి అన్నదే పంతొమ్మిదో శతాబ్దంలో ప్రెస్ వాళ్లందరికీ పెద్ద తలనొప్పి.

అప్పటిదాకా పేపర్లలో ఫోటోలు వేసేవాళ్లు కాదు. ఫోటోని ఒక చెక్కుడు పనివాడి ముందు పెడితే, అతను చూసి చెక్క మీద గీతలు చెక్కేవాడు. దాన్ని అచ్చేసేవాళ్లు. అంటే పాఠకుడు చూసేది ఫోటో కాదు, ఆ పనివాడికి ఫోటోలో కనిపించింది. ఇంకో దారి లిథోగ్రఫీ. సున్నపురాయి మీద జిడ్డు సిరాతో బొమ్మ గీస్తారు. నీళ్లూ జిడ్డూ కలవవు కాబట్టి గీసిన చోటే రంగు అంటుకుంటుంది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్‌లో చేసింది ఇదే, రంగుల్లో. ఒక్కో రంగుకీ ఒక్కో రాయి. మన ఇళ్లల్లో పూజ గదుల్లో లక్ష్మీదేవి, సరస్వతి అంటే మన కళ్లకి ఒక రూపం ఫిక్స్ అయిపోయింది చూడండి, దానికి ఆ రాళ్లు పెద్ద కారణం. కానీ అక్కడ కూడా రాయి మీద గీసేది ఒక మనిషి చెయ్యే.

చెయ్యి లేకుండా, వెలుగే నేరుగా అచ్చు దిమ్మ తయారు చెయ్యాలి అన్న ఆలోచన ఫాక్స్ టాల్బోట్‌ది. ఫోటోగ్రఫీ కనిపెట్టినవాళ్లలో ఒకరు. 1852లోనే ఆయన పల్చటి వల లాంటి గుడ్డని మధ్యలో పెట్టి బొమ్మని ముక్కలు చేసి చూశారు. అది అందరికీ పనికొచ్చే పద్ధతి అవడానికి ఇంకో ముప్పై, నలభై ఏళ్లు పట్టింది. జర్మనీలో మైసెన్‌బాక్ 1882లో పేటెంట్ తీసుకున్నారు. అమెరికాలో ఐవ్స్, తర్వాత లెవీ సోదరులు గాజు స్క్రీన్‌ని పక్కాగా చేశారు. రెండు గాజు పలకల మీద దగ్గర దగ్గరగా సన్నటి గీతలు గీసి, నల్ల రంగు నింపి, గీతలు అడ్డంగా నిలువుగా వచ్చేలా ఒకదానికొకటి అతికిస్తే, మధ్యలో వేల కిటికీలు మిగుల్తాయి. కెమెరాలో ప్లేటుకి కాస్త ముందు దీన్ని నిలబెడతారు. ప్రతి కిటికీ గుండా వచ్చిన వెలుగు వెనక ఒక చుక్కగా పడుతుంది. వెలుగు బలంగా ఉంటే చుక్క లావు, తక్కువైతే సన్నం. అలా వచ్చిన నెగెటివ్‌ని రాగి లేదా జింకు రేకు మీదకి ఎక్కించి, యాసిడ్‌లో కొరికిస్తే అచ్చు దిమ్మ రెడీ. మన ప్రెస్‌లలో దీన్నే హాఫ్‌టోన్ బ్లాకు అనేవాళ్లు. పాత ప్రెస్ మనుషులెవరైనా మీ ఊళ్లో ఉంటే "బ్లాకు" అనే మాట అని చూడండి, కథలు వాటంతటవే వస్తాయి.

ఇక్కడ ఒక భారతీయుడి గురించి ఆగి చెప్పాలి. ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి, కలకత్తా. పిల్లల కోసం రామాయణం రాసి, బొమ్మలు కూడా తనే వేశారు. పుస్తకం అచ్చయి వచ్చాక చూస్తే ఆయన గీసిన బొమ్మలు చెక్క దిమ్మల్లో నాశనమైపోయాయి. మనమైతే ప్రెస్ వాణ్ణి నాలుగు తిట్టి ఊరుకుంటాం. ఈయన ఇంగ్లాండ్ నుంచి హాఫ్‌టోన్ సామాన్లు తెప్పించుకుని, చదివి, సొంతంగా నేర్చుకుని, 1895లో సొంత సంస్థ మొదలుపెట్టారు. అక్కడితో ఆగలేదు. స్క్రీన్‌కీ ప్లేటుకీ మధ్య దూరం ఎంత ఉండాలి, లెన్స్ ముందు రంధ్రం ఏ ఆకారంలో ఉండాలి, ఇవన్నీ అప్పటికి చేయి తిరిగిన పనివాళ్లు అంచనాతో చేసే పనులు. ఈయన వాటికి లెక్క కట్టారు. ఆ వ్యాసాలు లండన్‌లో ప్రింటింగ్ వాళ్లు గౌరవంగా చదివే పెన్‌రోజ్ వార్షిక సంచికల్లో అచ్చయ్యాయి. ఒక బగ్ కనిపిస్తే ఫ్రేమ్‌వర్క్‌నే విప్పి సరిచేసే రకం మనిషి. ఆయన కొడుకు సుకుమార్ ఇంగ్లాండ్ వెళ్లి అదే పని చదివొచ్చారు. 1913లో 'సందేశ్' అని పిల్లల పత్రిక పెట్టారు. ఆయన మనవడు ఎవరో తెలుసా? సత్యజిత్ రాయ్. తాత చుక్కలతో బొమ్మ చేస్తే, మనవడు ఫిల్మ్‌తో చేశాడు.

ప్రెస్, పిల్లల పత్రిక, సినిమా. ఈ మూడూ ఒకే చోట కలిసిన కథ మనకీ ఒకటుంది. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి గారు మద్రాసులో ప్రెస్ నడిపారు. చక్రపాణి గారితో కలిసి 1947 జూలైలో చందమామ మొదలుపెట్టారు. అదే ఇద్దరూ విజయా ప్రొడక్షన్స్ పెట్టి పాతాళభైరవి, మాయాబజార్ తీశారు. మీ అమ్మానాన్నలు చిన్నప్పుడు చూసిన రాజకుమారి అట్ట మీద రంగు చుక్కల్లో ఉంటే, తెర మీద వెండి రేణువుల్లో ఉంది. రెండూ ఒకే జట్టు నుంచి వచ్చినవే.

రంగుల అచ్చు గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇది మా తాతయ్య గళ్ల చొక్కాకి సంబంధం ఉన్న విషయం. రంగు బొమ్మకి నాలుగు సిరాలు: నీలి, గులాబీ, పసుపు, నలుపు. నాలుగు బ్లాకులు, నాలుగు చుక్కల వరసలు. వీటిని ఒకే దిక్కులో పేరిస్తే, ఒక వరస ఇంకో వరసతో పోట్లాడి మధ్యలో అలల్లాంటి చారలు పుడతాయి. దోమతెరని రెండు మడతలు వేసి చూడండి, అదే చారలు. దీన్ని మోయిరే అంటారు. అందుకని ప్రెస్ వాళ్లు ఒక్కో రంగుని ఒక్కో కోణంలో తిప్పి పెడతారు. మామూలుగా నలుపు 45 డిగ్రీలు, నీలి 15, గులాబీ 75, పసుపు 0. ఇప్పుడు మా బాబాయి చేసింది గమనించండి. చుక్కలున్న పేజీని ఫోన్‌తో తీశాడు. ఫోన్ సెన్సర్ కూడా ఒక గడుల వలే. చుక్కల వలా, పిక్సెల్ వలా ఢీకొని లాల్చీ మీద చారలొచ్చాయి. యాప్ ఆ చారల్ని చూసి, "ఓహో, గళ్ల చొక్కా" అనుకుని శ్రద్ధగా నేసి పెట్టింది. నానమ్మ పట్టుకున్న మొదటి అబద్ధం యాప్‌ది కాదు, రెండు వలలు కలిసి ఆడింది.

సరే, ఇప్పుడు ఫిల్మ్. ఫిల్మ్‌లో వల ఉండదు. జిలాటిన్ పూతలో వెండి లవణాల స్ఫటికాలు చెల్లాచెదురుగా ఉంటాయి. వెలుగు తగిలిన స్ఫటికంలో నాలుగైదు వెండి పరమాణువులు విడివడితే చాలు, డెవలపర్‌లో ముంచినప్పుడు ఆ స్ఫటికం మొత్తం నల్లటి వెండిగా మారిపోతుంది. వెలుగు తగలనిది హైపోలో కరిగి పోతుంది. అంటే మాయాబజార్ నెగెటివ్‌లో సావిత్రి గారి జుట్టూ కళ్లూ నవ్వూ అన్నీ వెండే, ఉపమానం కాదు. ఈ రేణువులు ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉంటాయి. సెకనుకి 24 ఫ్రేములు మారుతుంటే తెర మీద సన్నగా ఏదో మరుగుతున్నట్టు ఉంటుంది. పాత సినిమాలో బొమ్మ బతికున్నట్టు అనిపించడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

మాయాబజార్‌లో పడవ పాట గుర్తుందా? ఆ వెన్నెల చంద్రుడిది కాదు, కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీది. లైట్లతో చేసిన వెన్నెల. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే వెళ్లడం కూడా కంప్యూటర్ లేని రోజుల పని. ఆ కాలంలో ట్రిక్ షాట్‌కి సాధారణ పద్ధతి ఏంటంటే, లెన్స్‌లో సగం మూసి ఒకసారి తీస్తారు. ఫిల్మ్ వెనక్కి తిప్పుతారు. ఇప్పుడు రెండో సగం మూసి, అదే ఫిల్మ్ మీద మళ్లీ తీస్తారు. పిడికెడు తేడా వచ్చినా మొత్తం పోతుంది. కంట్రోల్-జెడ్ లేదు.

ఇక్కడొక బాధాకరమైన విషయం ఉంది. బొమ్మ వెండితో చేసింది కదా, వెండికి రేటు ఉంటుంది కదా. ఆడేసిన సినిమాల ప్రింట్లని వెండి కోసం కరిగించేశారు. పైగా తొలినాళ్ల ఫిల్మ్ నైట్రేట్‌ది, అగ్గిపుల్ల లాంటిది. 1931లో వచ్చిన ఆలం ఆరా లేదు. అదే ఏడాది హెచ్.ఎమ్. రెడ్డి గారు తీసిన, తమిళంతో పాటు తెలుగు కూడా వినిపించిన కాళిదాస్ లేదు. 2003 జనవరిలో పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో మంటలు లేచి, ఇంకెన్నో నైట్రేట్ రీళ్లు పోయాయి. యూట్యూబ్‌లో అన్నీ ఉంటాయనుకునే మన తరానికి ఇది ఒక పట్టాన అర్థం కాదు. వెతికితే దొరకనివి కావు ఇవి, అసలు లేనివి.

మాయాబజార్ 1957 మార్చిలో విడుదలైంది. అదే 1957లో, మనకి సంబంధం లేని ఇంకో చోట, అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో, రసెల్ కిర్ష్ అనే ఇంజనీర్ ఒక డ్రమ్ముకి ఫోటో చుట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఆ ఫోటో ఆయన మూడు నెలల కొడుకుది. 176 గడులు అడ్డం, 176 నిలువు. మొత్తం 30,976 పిక్సెళ్లు. ప్రపంచంలో మొదటి డిజిటల్ స్కాన్ అదే. ఆ స్కానర్‌కి కూడా నలుపూ తెలుపూ రెండే తెలుసు. అందుకని ఒకే ఫోటోని వేరు వేరు మోతాదుల్లో పలుసార్లు స్కాన్ చేసి, కలిపి, బూడిద రంగులు రాబట్టారు. చూశారా, హాఫ్‌టోన్ వాళ్ల తలనొప్పే, వేషం మార్చుకుని వచ్చింది. పిక్సెల్‌ని చతురస్రంగా పెట్టడం తప్పైపోయిందని కిర్ష్ గారు తర్వాత కాలంలో ఒప్పుకున్నారు. కానీ అప్పటికే ప్రపంచమంతా గడులే.

1975లో కొడాక్‌లో స్టీవెన్ సాసన్ చేసిన డిజిటల్ కెమెరా ఒక ఫోటోని క్యాసెట్ మీద రాసుకోవడానికి 23 సెకన్లు తీసుకునేది. ఫోటో మొత్తం పది వేల పిక్సెళ్లు. అది చాలామంది చెప్పే కథే, దాటేద్దాం. నాకు ముఖ్యం ఆ పక్క ఏడాది, అదే కంపెనీలో, బ్రైస్ బేయర్ అనే ఆయన తీసుకున్న పేటెంట్. మీ జేబులో ఉన్న ఫోన్‌లో దాదాపు ఖాయంగా అదే ఉంది.

సెన్సర్‌కి రంగు తెలీదు, వెలుగు ఎంత పడిందో మాత్రమే తెలుసు. బేయర్ ఏం చేశారంటే, ప్రతి గడి మీదా ఒక రంగు గాజు పెట్టారు. సగం గడులకి ఆకుపచ్చ, పావు వంతు ఎరుపు, పావు వంతు నీలం. మన కన్ను వెలుగు తేడాలని ఎక్కువగా పచ్చలోనే పట్టుకుంటుంది కాబట్టి పచ్చకి డబుల్ వాటా. ఇప్పుడు లెక్క చూడండి. 12 మెగాపిక్సెల్ ఫోటోలో ప్రతి పిక్సెల్‌కీ మూడు రంగుల అంకెలు కావాలి. అంటే 3 కోట్ల 60 లక్షల అంకెలు. సెన్సర్ నిజంగా కొలిచింది 1 కోటి 20 లక్షలే. మిగతా 2 కోట్ల 40 లక్షలు పక్క గడుల్ని అడిగి, లెక్కగట్టి నింపినవి. మీ సెల్ఫీలో రంగు అంకెల్లో మూడింట రెండొంతులు అంచనా. నాకు ఇది మొదటిసారి తెలిసినప్పుడు ఫోన్ వైపు కాసేపు అనుమానంగా చూశాను.

మరి అలాగైతే మా యాప్ చేసింది మాత్రం తప్పెలా అవుతుంది? అదీ అంచనాయే కదా? ఈ ప్రశ్న నన్ను రెండు రోజులు తినేసింది. తేడా ఎక్కడుందంటే, బేయర్ లెక్క ఎవర్ని అడుగుతోందో అక్కడ. అది అడిగేది అదే క్షణంలో, అదే వెలుగులో, పక్కనే ఉన్న గడిని. సాక్షి అక్కడే నిలబడి ఉన్నాడు. ఏఐ యాప్ అడిగింది తాతయ్యని ఎప్పుడూ చూడని లక్షల ముఖాలని. "ఇలాంటి మసక దగ్గర మామూలుగా ఏముంటుంది?" అని అడిగితే, "నున్నటి బుగ్గ" అన్నాయి అవి.

మాయాబజార్‌కి కూడా ఇలాంటి పరీక్షే వచ్చింది. హైదరాబాద్‌కి చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ దానికి రంగులు వేసి 2010 జనవరిలో విడుదల చేసింది. మూడు గంటల సినిమా అంటే 2,59,200 ఫ్రేములు. మామూలు శ్రమ కాదు. కానీ సెట్‌లో శశిరేఖ చీర ఏ రంగులో ఉందో నెగెటివ్ చెప్పదు. అది ఎంత వెలుగు పడిందో మాత్రమే చెప్తుంది. పైగా నలుపు తెలుపు సినిమాల్లో బట్టల రంగు ఎంచుకునేటప్పుడు, తెర మీద ఎంత ముదురుగా పడుతుందో చూసుకునేవాళ్లు. కాబట్టి 2010లో మనం చూసిన రంగులు 2010 వాళ్ల ఎంపిక. పిల్లలు ఆ రంగుల వల్ల సినిమా చూశారంటే నాకు సంతోషమే. పడవ పాట మాత్రం నేను పాతదే చూస్తాను. ముఖ్యమైన సంగతేంటంటే, రంగులేసిన వాళ్లు పాతదాన్ని చెరపలేదు. రెండూ ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. మా ఫ్యామిలీ గ్రూప్‌లో అలా కాదు. వారం తిరక్కుండా ముగ్గురు చుట్టాలు యాప్ ముఖాన్ని డీపీగా పెట్టుకున్నారు. ఇంకో పదేళ్లకి మా పిల్లలకి తాతయ్య అంటే అదే.

అందుకని నేను ఆ సావనీర్‌ని జిరాక్స్ షాపుకి తీసుకెళ్లి, ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 1200 డీపీఐలో స్కాన్ చేయించాను. చుక్కలు లెక్కపెట్టాను. ఇంచికి 85 వరసలు, పాత లెటర్‌ప్రెస్‌లో మామూలే. తాతయ్య ముఖం 8 మిల్లీమీటర్ల వెడల్పు, 10 పొడవు. అడ్డంగా 27 చుక్కలు, నిలువుగా 33. మొత్తం దాదాపు 900. కిర్ష్ గారి పిల్లాడికి దక్కిన దానిలో ముప్పయ్యో వంతు కంటే తక్కువ. యాప్ ఇచ్చిన ముఖం 1024 బై 1024, అంటే పది లక్షల పైచిలుకు పిక్సెళ్లు. ఒక్కో చుక్కకీ వెయ్యికి పైగా పిక్సెళ్లు కల్పించింది. ఆ 900 చుక్కల్లో మచ్చలు లేవు, నిజమే. పట్టవు. కానీ నున్నటి బుగ్గలు కూడా లేవు.

నేను చేసింది చాలా తక్కువ. చారలు లేని స్కాన్ తీసుకున్నాను, మరకలు తుడిచాను, చుక్కల్ని మాత్రం ముట్టుకోలేదు. బాబాయితో పెద్ద వాదనే అయింది. "ఇదేంటిరా, దగ్గరికెళ్తే మనిషే కనపడట్లేదు" అన్నాడు. నిజమే. ముఖాన్ని జానెడు చేస్తే ఒక్కో చుక్కా శనగ గింజంత అవుతుంది. ఫ్లెక్సీ కింద నిలబడితే చుక్కల ముగ్గే. కానీ స్కూల్ గేటు ఎదురుగా, రోడ్డు అవతల కిళ్లీ కొట్టు ఉంది. అక్కడికి పదిహేను మీటర్లుంటుంది. ఆ దూరంలో చుక్కకీ చుక్కకీ మధ్య తేడాని కన్ను ఇక పట్టలేదు, కలిపేస్తుంది. ప్రారంభం రోజు నానమ్మని ఆటోలో తీసుకెళ్లి అక్కడ ఆపించాను. దిగకుండానే చూసింది. "ఆఁ, మీ తాతే" అని, "తల కాస్త వంచుకుని నిలబడేవారు, అలాగే ఉంది" అంది.

బాబాయికి ఇప్పటికీ యాప్ ఫోటోనే నచ్చింది. గది లోపల గోడకి అదే కట్టాడు. బయట నాది, లోపల ఆయనది.

మీ ఇంట్లో ఇలాంటి సావనీర్లు, పెళ్లి పత్రికలు, పాత పేపర్ కటింగులు ఉంటే ఫోన్‌తో తియ్యకండి. స్కానర్ మీద కనీసం 600 డీపీఐలో స్కాన్ చేయించండి. వాట్సాప్‌లో పంపాలంటే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అది మళ్లీ కుదించేస్తుంది. ఎలా కుదిస్తుంది, 8 బై 8 గడులుగా ఎందుకు కోస్తుంది, అది వచ్చే ఎపిసోడ్. అప్పటిదాకా మీ ఫోన్ స్క్రీన్ మీద చిన్న నీటి చుక్క వేసి, తెల్లగా ఉన్న చోట ఏం కనిపించిందో కామెంట్లలో రాయండి.